షూరిటీ సంతకం, జీతంలో కోత, వాట్సాప్‌లో జాబితా

తిరుపతిలో కాపురముంటూ చిత్తూరులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, శాఖ బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని వదిలి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

2014లో ఆమె తమ్ముడు ఒక ప్రభుత్వ సంక్షేమ కార్పొరేషన్ పథకం కింద అప్పు తీసుకుని సరుకు రవాణా బండి కొన్నాడు. బంగారుపాళ్యం మార్కెట్ నుంచి తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలడం అతని పని. అప్పుకు ప్రభుత్వోద్యోగి పూచీ కావాలన్నారు. అప్పట్లో చంద్రగిరిలో పనిచేస్తున్న ఈ అక్క షూరిటీ సంతకం పెట్టారు. నాలుగేళ్లు కంతులు సక్రమంగా నడిచి 2018లో ఆగిపోయాయి. 2019లో బండిని స్వాధీనం చేసుకుని వేలం వేశారని తమ్ముడు చెప్పడంతో లెక్క అక్కడికి ముగిసిందని ఆమె అనుకున్నారు. ఈ సంతకం సంగతి భర్తకు ఇప్పటికీ తెలియదు.

గత నెల జీతంలో 9,600 రూపాయలు తగ్గాయి. పే స్లిప్పులో ‘ఇతర రికవరీలు’ అన్న గడిలో ఆ అంకె తప్ప మరో ముక్క లేదు. డీడీవోను (జీతాల బిల్లులు పెట్టే అధికారిని) అడిగితే, బాకీదారుల, షూరిటీదారుల జాబితా కార్పొరేషన్ నుంచి వచ్చిందనీ, ఆధార్ నంబర్ల సాయంతో ఉద్యోగుల జీతాల వివరాలతో సరిపోల్చి ఎవరెక్కడ పనిచేస్తున్నారో తేల్చారనీ, పైనుంచి వచ్చినదాన్ని అమలు చేయడమే తన పని అనీ అన్నారట. మూడో రోజున ఆ జాబితా కార్యాలయ వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైంది. పేర్లు, సెల్ నంబర్లు, ఆధార్ అంకెలు, బాకీ మొత్తాలు అన్నీ అందులో ఉన్నాయి. గ్రూపులో 140 మంది ఉన్నారు. ఆమె పేరు రెండుచోట్ల ఉంది. పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న వరుసలో 3,87,400 రూపాయలు, మెట్టినింటి ఇంటిపేరుతో ఉన్న వరుసలో 2,14,650 రూపాయలు చూపారు. “మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకునే చోటికి నేను వెళ్లేసరికి మాటలు ఆగిపోతున్నాయి సార్. లంచం తిని పట్టుబడినదాన్ని చూసినట్టు చూస్తున్నారు” అని రాశారు.

ఆమె అడిగినవి ఇవి. ఒక ఆఫీసు తన వివరాలను మరో ఆఫీసుకు ఇవ్వవచ్చా? కోర్టు తీర్పు లేకుండా జీతం కోయవచ్చా? డీడీవో ఇచ్చిన ‘అంగీకార పత్రం’ మీద సంతకం చేయాలా? ఫాల్గుణంలో కూతురి పెళ్లి ఉంది కాబట్టి, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వోద్యోగుల జీవిత బీమా) లోను తీసి మొత్తం కట్టేసి గుట్టుగా బయటపడటమే మేలా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు వేర్వేరు తగాదాలు ఒకే ముడిగా పడిపోయాయి. ఆ బాకీ మీ మెడకు చుట్టుకుంటుందా, చుట్టుకుంటే ఎంత అన్నది ఒకటి. బాకీ ఉన్నప్పటికీ జీతంలోంచి ఈ పద్ధతిలో కోయవచ్చా అన్నది రెండోది. మీ వివరాలు చేతులు మారిన తీరు మూడోది. వీటిలో ఒకదానికి దొరికిన జవాబు మరొకదానికి పనికిరాదు. జాబితాను గ్రూపులో పెట్టడం తప్పే అయినా తమ్ముడి అప్పు దానివల్ల రద్దు కాదు. అప్పు నిజమే అయినా మీ ఆధార్ నంబరు 140 మంది కళ్లపడటం దానివల్ల ఒప్పైపోదు. మీ కోపమంతా మూడోదాని మీద ఉంది, భయం మొదటిదాని మీద ఉంది, మీరు ఈ వారంలో కదలవలసింది మాత్రం రెండోదాని గురించి. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

అంగీకార పత్రం మీద సంతకాన్ని కాస్త ఆపండి. చేయనని మొండికేయమని కాదు. “షూరిటీ పత్రం నకలు, ఖాతా లెక్క చూసిన తరువాత జవాబిస్తాను” అని ఒక కాగితం మీద రాసి, టపాలు తీసుకునే చోట ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెబితే ‘సహకరించలేదు’ అని రాసుకుంటారు, కాగితం మీద అడిగితే ఆ మాట రాయడం కష్టం.

ఎందుకు ఆపమంటున్నానో చెబుతాను. ఖజానా శాఖలో నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటి షూరిటీ కాగితాలు చాలానే చేతికొచ్చాయి. ఉద్యోగి జీతం ధ్రువపత్రం, దాని వెనక ‘అసలు రుణగ్రహీత కట్టనిపక్షంలో నా జీతం నుంచి మినహాయించుకోవచ్చును’ అన్న హామీ, ఆ కింద అప్పటి డీడీవో సంతకం, గుండ్రటి ముద్ర ఉండేవి. తరచుగా మూడో కార్బన్ నకలే మిగిలేది, అందులో సంతకం ఉందని తెలిసేది గానీ ఎవరిదో తెలిసేది కాదు. 2014లో మీరు కూడా అలాంటి హామీ ఇచ్చి ఉండవచ్చు. ఇచ్చి ఉంటే ఈ కోతకు ఆధారం మీ సంతకమే అవుతుంది, కంప్యూటర్ చేసిందల్లా బదిలీ అయిన మనిషిని వెతికి పట్టుకోవడమే. కానీ నాకు వెంటనే తట్టిన ప్రశ్న వేరు. పాత హామీ పత్రం వాళ్ల బీరువాలో భద్రంగా ఉంటే, ఇప్పుడు కొత్తది ఎందుకు అడుగుతున్నారు? 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడ్డాక ఎన్ని శాఖల దస్త్రాలు కట్టలు కట్టి లారీలెక్కాయో మీకు నేను చెప్పనక్కరలేదు. చంద్రగిరి కాగితం ఇటు వచ్చిందో, అక్కడే ఉండిపోయిందో, అసలు ఉందో లేదో తేలకముందే, ఆ లోటును మీ కొత్త సంతకంతో పూడ్చవలసిన అవసరం మీకు లేదు.

రెండో కారణం గడువుకు సంబంధించింది. అప్పు వసూలుకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా మూడేళ్లు ఇస్తుంది. ప్రభుత్వమే నేరుగా ఇచ్చిన అప్పయితే ముప్పై ఏళ్లు. కార్పొరేషన్ అన్నది ప్రభుత్వం పెట్టినదే అయినా, కంపెనీగానో సొసైటీగానో రిజిస్టరైన వేరే సంస్థ అయితే ముప్పై ఏళ్ల వెసులుబాటు తనంత తానుగా దానికి వర్తించదు. కంతులు 2018లో ఆగాయి. కరోనా కాలాన్ని, అంటే 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు, గడువులోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి దాన్ని మినహాయించి లెక్కపెట్టినా, మూడేళ్లు ఎప్పుడో నిండి ఉండే అవకాశముంది. ఈలోపే వాళ్లు దావా వేసి డిక్రీ పొంది ఉంటే కథ మారుతుంది, డిక్రీ అమలుకు పన్నెండేళ్ల వ్యవధి ఉంటుంది. ‘భూమి శిస్తు బకాయి’ లెక్కన 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద వసూలు చేస్తామని వాళ్లు అనవచ్చు. అయితే గడువు దాటిపోయిన బాకీని రెవెన్యూ రికవరీ అనే దొడ్డిదారిన రాబట్టడం కుదరదని కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 1999లోనే తీర్పిచ్చింది. ఇంతకీ అసలు ప్రమాదం ఎక్కడుందంటే, గడువు దాటిన బాకీని కూడా ‘కడతాను’ అని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం అది మళ్లీ చెల్లే ఒప్పందమవుతుంది. డీడీవో బల్లమీద ఉన్న ఆ ఒక్క పేజీ చచ్చిన బాకీకి ప్రాణం పోయగలదు. అందులో ‘బాకీ ఉన్నట్టు అంగీకరిస్తూ’ అన్న మాట ఉందో లేదో ముందుగా చూడండి.

కోర్టు తీర్పు లేకుండా జీతం కోయవచ్చా అన్నదానికి సూటి జవాబు ఇది: మీ సొంత అంగీకారం ఉండాలి, లేదా ఫలానా చట్టం కింద ఫలానా అధికారి జారీచేసిన ఉత్తర్వు ఉండాలి, లేదా కోర్టు జప్తు ఉత్తర్వు ఉండాలి. జాబితాలో పేరుండటం ఈ మూడింటిలో ఏదీ కాదు. కోర్టు జప్తు చేసినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ఒక గీత గీసింది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కలోకి వచ్చే జీతం 49,000 రూపాయలనుకుంటే 33,000 మీకు దక్కాలి, 16,000కు మించి జప్తు చేయరాదు. అదీ ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు మాత్రమే, ఆ తరువాత ఆ డిక్రీ పేరుతో ఇక జీతం జోలికి రాకూడదు. మీకు కోసిన 9,600 ఈ గీతకు లోపలే ఉంది కనుక ‘ఎక్కువ కోశారు’ అన్న వాదన మీకు పనికిరాదు. ‘ఏ అధికారంతో కోశారు, ముందుగా నాకు తాఖీదు ఎందుకివ్వలేదు’ అన్నదే మీరు అడగవలసింది. మన రాష్ట్ర ఉద్యోగులకు ఇంకా గుర్తుండే ఉంటుంది, 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో జీతాలు, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేసిన వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆ బకాయిని ఆరు శాతం వడ్డీతో చెల్లించమంది. చేసిన పనికి జీతం హక్కుగా రావలసిందేనన్నది ఆ తీర్పులోని సారం. రాష్ట్ర ఖజానాకే అలా చెప్పిన కోర్టు, ఒక కార్పొరేషన్ పంపిన ఎక్సెల్ ఫైలుకు అంతకంటే పెద్దపీట వేస్తుందని నేననుకోను.

డీడీవో మీద మాత్రం ఎక్కువ కోపం పెట్టుకోకండి. పాతరోజుల్లో రికవరీ మెమో టపాలో వచ్చేది. గుమాస్తా దాన్ని విప్పి, పేరు చూసి, ‘ఈమె మన దగ్గర లేదే, బదిలీ అయిపోయిందే’ అని వెనక్కి రాసేవాడు. పండగ అడ్వాన్సులాంటివి ఎల్పీసీతో (బదిలీ అయ్యేటప్పుడు ఇచ్చే చివరి జీతం ధ్రువపత్రంతో) పాటు ఉద్యోగి వెంట వెళ్లేవి గానీ, ఎవరికో ఇచ్చిన షూరిటీ ఎల్పీసీలోకి ఎక్కేది కాదు. అది మంచి పద్ధతని అనను, ఎగ్గొట్టినవాళ్లు ఎంతోమంది ఆ సందులోంచే జారుకున్నారు. కానీ ఆ గుమాస్తా కాగితాన్ని ఒక నిమిషం చేతిలో పట్టుకుని ‘ఈమేనా?’ అని తనను తాను అడిగేవాడు. ఇప్పుడు ఆ నిమిషం పోయింది.

ఇక మొదటి తగాదాకు వద్దాం. మీ పేరు రెండుచోట్ల ఉండటం మీకు పిడుగులా తోచింది గానీ, నాకు అది మీకు అక్కరకొచ్చే సాక్ష్యంలా కనబడింది. రెండు అంకెల తేడా చూడండి, 1,72,750 రూపాయలు. 2019 వేలంలో బండికి దాదాపు అంత ధర పలికి ఉంటే, ఈ రెండు వరుసలూ ఒకే అప్పువి, ఒకటి వేలానికి ముందరి లెక్క, రెండోది వేలం సొమ్ము జమచేశాక మిగిలిన లెక్క అయి ఉండవచ్చు. పెళ్లికి ముందున్న ఇంటిపేరు, తరువాత వచ్చిన ఇంటిపేరు చూసి యంత్రం ఇద్దరు మనుషులనుకుని ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే. ఒకదానికి మీకు సంబంధమే లేకుండా, మీ పేరే ఉన్న మరెవరిదో కూడా కావచ్చు. చిత్తూరు వైపు తమిళ పద్ధతిలో పేరుకు ముందు ఒక్క పొడి అక్షరం పెట్టుకునే అలవాటు వల్ల, ఒకే అక్షరం, ఒకే పేరు ఉన్నవాళ్లు ఒక్కో ఆఫీసులోనే ముగ్గురు నలుగురు తేలతారు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి వేలం ఎంతకు పోయిందో, కాగితం ఏమైనా ఇచ్చారో అడగండి. నెలకు 9,600 చొప్పున చిన్న అంకె అయితే 23 నెలల్లో తీరుతుంది, పెద్దదైతే 41 నెలలు పడుతుంది. మీరు దేనికి కడుతున్నారో చెప్పకుండా కోత మొదలుపెట్టారంటే, ఎక్కడ ఆపాలో కూడా వాళ్లకు తెలియదన్నమాట.

చట్టం మీకు అనుకూలంగా లేనిచోట కూడా చెప్పాలి. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం షూరిటీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ‘ముందు తమ్ముణ్ణి పీడించండి, అతను ఇవ్వకపోతే నా దగ్గరికి రండి’ అనే హక్కు, ఒప్పందంలో అలా రాసుకుంటే తప్ప మీకు లేదు. జీతం ఉన్న మనిషి దొరకడం సులభం కనుకనే మీ దగ్గరికి వచ్చారు. అది అన్యాయంగా అనిపించవచ్చు, చట్టవిరుద్ధం మాత్రం కాదు. అయితే అదే చట్టం మీ చేతికి కొన్ని పనిముట్లు కూడా ఇచ్చింది. తాకట్టులో ఉన్న ఆస్తిని అప్పు ఇచ్చినవాడు షూరిటీదారు సమ్మతి లేకుండా వదులుకున్నా, పోగొట్టినా, ఆ ఆస్తి విలువ మేరకు షూరిటీదారు బాధ్యత తగ్గిపోతుందని 141వ సెక్షను చెబుతోంది. కాబట్టి వేలం సొమ్ము ఖాతాలో జమ కాకపోయినా, బండి వాళ్ల ఆవరణలో తుప్పుపట్టి పోయినా మీరు గట్టిగా అడగవచ్చు. మీకు చెప్పకుండా తమ్ముడితో కంతుల షరతులు మార్చుకుని ఉంటే, మీ బాధ్యతను తగ్గించే 133వ సెక్షను ఉంది. చివరికి మీరు కట్టవలసివస్తే, కట్టినంతా తమ్ముడి దగ్గర రాబట్టుకునే హక్కు 145వ సెక్షను కింద మీకుంటుంది. తమ్ముడి మీద దావా వేస్తారా అన్నది వేరే మాట, ఆ హక్కు ఉందన్న సంగతి అతనికి తెలియడం మాత్రం మంచిదే.

ఇంకొకటి కనుక్కోండి. అలాంటి పథకాల్లో కార్పొరేషన్ ఇచ్చేది సబ్సిడీ, అప్పు ఇచ్చేది బ్యాంకు అన్న ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. అసలు అప్పు బ్యాంకుదైతే రిజర్వు బ్యాంకు నియమాలన్నీ వర్తిస్తాయి. బ్యాంకుకు రాసి 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. బాకీ మొత్తంలో సబ్సిడీని కూడా అప్పుకింద కలిపేశారేమో కూడా అప్పుడే తేలుతుంది.

ఈ కాగితాలన్నీ ఎలా వస్తాయంటారా? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కార్పొరేషన్ జిల్లా కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టండి. మీ షూరిటీ పత్రం నకలు, ఖాతా లెక్క, వేలం తేదీ, వచ్చిన సొమ్ము, మీ వివరాలను జీతాల విభాగానికి పంపిన ఉత్తరం, అలా పంపడానికి ఆధారమైన ఉత్తర్వు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఖాతా తమ్ముడి పేరున ఉంది కనుక ‘మూడో వ్యక్తి సమాచారం’ అని తోసిపుచ్చకుండా అతని చేత కూడా విడిగా ఒక దరఖాస్తు పెట్టించండి. ఈ పనికి అతను ముందుకు రాకపోతే, డబ్బు విషయంలో ఎంతవరకు వస్తాడో మీకు అప్పుడే అర్థమవుతుంది.

మూడో తగాదా గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చట్టం ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ప్రభుత్వం దానిలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఆధారంగా ఉండాలి, ప్రయోజనం న్యాయమైనదై ఉండాలి, చేసే పని ఆ ప్రయోజనానికి మించిపోకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి గానీ, పౌరులకు ఎక్కువగా పనికివచ్చే అంశాలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు కాబట్టి అవి 2027లో గాని అమలుకు రావు. వచ్చాక కూడా అది మీకు పూర్తి కవచమేమీ కాదు. అప్పు ఎగవేసినవారి ఆర్థిక వివరాలు ఆరా తీయడానికి, చట్టబద్ధమైన హక్కును రాబట్టుకోవడానికి అందులో మినహాయింపులున్నాయి. కాబట్టి ‘ఒక ఆఫీసు మరో ఆఫీసుకు నా వివరాలు ఇవ్వడమే నేరం’ అని మీరు వాదించదలిస్తే, ఆ వాదన మీద నాకు నమ్మకం తక్కువ. అదే చట్టంలో, ఒక మనిషికి నష్టం కలిగించే నిర్ణయానికి వాడే సమాచారం సరిగ్గా, పూర్తిగా ఉండేటట్టు చూడాల్సిన బాధ్యత కూడా రాసి ఉంది. రెండు ఇంటిపేర్లతో రెండు అంకెలు చూపిన జాబితా ఆ పరీక్షకు నిలవదు.

ఇతర దేశాల్లో ఇది ఎలా చేస్తారన్న కుతూహలం నాకుంది. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగి ప్రభుత్వానికి బాకీపడితే, 1982 నాటి చట్టం కింద జీతంలో కోస్తారు. కానీ 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, లెక్క కాగితాలు చూపాలి, విచారణ కోరే అవకాశమివ్వాలి, సాధారణంగా చేతికొచ్చే జీతంలో 15 శాతానికి మించకూడదు. రెండు శాఖల జాబితాలను కంప్యూటర్‌లో సరిపోల్చి మనిషిని పట్టుకోవడానికి 1988లో మరో చట్టం చేశారు. యంత్రం ‘దొరికాడు’ అన్నంత మాత్రాన చర్య తీసుకోకూడదు, ఆ సమాచారాన్ని విడిగా ధ్రువపరచుకోవాలి, ఆ మనిషికి తెలిపి జవాబు చెప్పుకునే సమయమివ్వాలి. అక్కడి చట్టాన్ని ఇక్కడ చూపించి లాభం లేదు. కానీ మీరు రాయబోయే అర్జీలో ఏమేమి అడగాలో అది చక్కగా గుర్తుచేస్తుంది. ముందస్తు తాఖీదు, లెక్క కాగితం, ఒక మనిషి సరిచూశాడన్న ధ్రువీకరణ, జవాబుకు వ్యవధి అన్నవి సహజన్యాయం పేరుతో మన కోర్టులు కూడా గౌరవించేవే.

వాట్సాప్ సంగతి వీటికంటే తేలిక. జాబితా డీడీవోకు చేరడం ఒక పని నిమిత్తం జరిగింది, ఆ పనికి 140 మందిలో ఎవరి అవసరమూ లేదు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించకూడదని, ప్రదర్శించకూడదని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షను చెబుతోంది. గ్రూపులోనే జవాబు రాయకండి, అది మరో పది స్క్రీన్‌షాట్లకు దారితీస్తుంది. తేదీ, సమయం కనబడేటట్టు మీరు ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, దాన్ని తొలగించాలనీ, ఎవరి ఉత్తర్వుతో పెట్టారో తెలపాలనీ కార్యాలయాధిపతికి విడిగా రాయండి. జాబితాలో ఉన్నది మీరొక్కరే కాదు. మిగిలినవాళ్లలో ఇద్దరు ముగ్గురు మీతో కలిసి సంతకం పెడితే, క్యారియర్లు విప్పే చోట ఆ మౌనం కొంత తగ్గుతుంది.

ఇక మీ ముందున్న దారులు. ఏపీజీఎల్ఐ లోనుతో మొత్తం కట్టేయడం అన్నిటికంటే నిశ్శబ్దమైన దారి, అన్నిటికంటే ఖరీదైనది కూడా. రెండు అంకెల్లో ఏది కట్టాలో తెలియకుండా కడితే, రెండోది మిగిలిపోయిందని మళ్లీ రావచ్చు. పెళ్లి ఖర్చులకని ఉన్న ఒక్క వెసులుబాటు ఖర్చయిపోతుంది, గడువు వాదన మీ అంతట మీరే వదులుకున్నట్టవుతుంది. కోత సాగుతుండగానే అభ్యంతరం తెలుపుతూ కాగితాలు కోరడం మధ్యేమార్గం. నెలకు 9,600 పోతుంది గానీ డీడీవోతో వైరం రాదు. బాకీ తప్పని తేలితే తిరిగి ఇమ్మని అడగడానికి ‘అభ్యంతరంతోనే కట్టాను’ అన్న కాగితం ఉంటుంది. మీ పరిస్థితిలో నేనైతే ఇటే మొగ్గుతాను. లెక్క తేలి, బాకీ కొంత నిజమేనని మీకే అనిపిస్తే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, అపరాధ వడ్డీ తగ్గించి ఒకేసారి చెల్లింపుకు ఒప్పించే అవకాశముంటుంది. కానీ అక్కడ రాజీ కుదిరితే అదే అంతిమం, దానిమీద అప్పీలు లేదు కాబట్టి కాగితాలు చూడకముందే అక్కడ కూర్చోవద్దు. హైకోర్టులో రిట్ వేస్తే కోత వెంటనే ఆగే అవకాశముంది, ఖర్చూ ఉంది, ఆఫీసులో పేరూ పడుతుంది. జవాబే ఇవ్వకుండా కోస్తూ పోతే అప్పుడు ఆలోచించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. గడువు లెక్క అక్కడి న్యాయవాది చేతనే వేయించుకోండి, నేను వేసింది పైపై లెక్క.

మీ ఆయనకు చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరంలో మూడుసార్లు ‘ఆయనకు తెలిస్తే’ అని రాశారు. గ్రూపులో ఉన్న 140 మందిలో ఎవరి భార్యో, భర్తో మీ ఆయనకు తెలిసినవాళ్లు ఉండకుండా ఉండరు. బయటివాళ్ల నోట వినే రోజు రాకముందే, కాగితాలు చేతిలో పెట్టుకుని మీరే చెబితే, పన్నెండేళ్ల కిందటి సంతకం గురించి మాత్రమే మాట పడతారు. బయటినుంచి తెలిస్తే పన్నెండేళ్ల మౌనం గురించి కూడా పడతారు. తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఆయన కూడా పక్కనుంటే, మామిడి సీజన్ డబ్బు ఎప్పుడొస్తుంది, ఎంత ఇవ్వగలడు అన్న మాట సూటిగా నడుస్తుంది. మీరొక్కరే అడిగితే అది అక్కాతమ్ముళ్ల కన్నీళ్లతో ముగుస్తుందని మీ ఉత్తరమే చెబుతోంది.

అర్జీని ఈ నెల జీతం బిల్లు పెట్టకముందే ఇవ్వండి. బిల్లు వెళ్లిపోతే ఇంకో నెల ఆగాలి. మరొక సంగతి, ఉత్తరంతో పాటు మీరు పంపిన పే స్లిప్పు నకలులో మీ ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు పూర్తిగా కనబడుతున్నాయి. ఆ నకలును నేను చించేశాను. న్యాయవాదికి గాని, మరెవరికైనా గాని ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రం కనబడనిచ్చి మిగిలినవి నల్ల ఇంకుతో కొట్టేసి ఇవ్వండి.